చెంగయ్య గుంటకు రాని వైరస్

కూర్చునే పని

అల్లూరులో నా అంగడి మూసేసి ఏడాది దాటింది. మోకాళ్లు పోయినాయి. తెర ముందు పది నిమిషాలు కూర్చుంటే కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. అయినా ఎవరో ఒకరు ఇంటికొచ్చి, "మస్తానన్నా, నేనూ కంప్యూటర్ల పనిలో దిగుతా ఉండా, రెండు మాటలు చెప్పు" అంటారు. టీ ఇచ్చి రెండు మాటలే చెప్పి పంపిస్తాను. చెప్పాల్సింది రెండు మాటల్లో అయ్యేది కాదు. అందుకని ఇట్లా రాస్తున్నాను. నేను చదివింది ఎనిమిది, అదీ తప్పినాను. అక్షరాల్లో తప్పులుంటే సర్దుకోండి. జ్ఞాపకంలో తప్పులు మాత్రం ఉండవు. నా జ్ఞాపకమంటే మా ఇంట్లో అందరికీ భయమే.

ఈ పని చేతుల పని అనుకుని వస్తారు. కాదు, ఇది కూర్చునే పని. ఒకరి ఇంటికి పోతాం. ముందు గదిలో టీవీ పక్కన కంప్యూటర్, దాని మీద పాత చీర ముక్కతో కుట్టిన గుడ్డ. గుడ్డ తీస్తారు, ఒక ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు. దానికి ఒక కాలు తేడాగా ఉంటుంది. తెర మీద ఆకుపచ్చ పట్టీ ఒకటి ఎడమ నుంచి కుడికి పాకుతుంది. అది చివరిదాకా పోయేవరకు మనం చేసేదేమీ లేదు. నా బతుకులో సగం ఆ పట్టీని చూడడానికే సరిపోయింది. మిగతా సగం ఆ ఇంటివాళ్ల మాటలు వినడానికి. ఎవరికి సంబంధం తప్పిపోయింది, ఎవరికి షుగర్ దిగడం లేదు, ఎవరు ఎవరితో మాట్లాడడం మానేసినారు, అన్నీ మన ముందే చెప్పుకుంటారు. బాగుచేసే మనిషిని కూడా ఆ గదిలో ఒక సామానుగానే చూస్తారు. అందులో తప్పేం లేదు. విన్నది బయట చెప్పకుండా ఉంటే చాలు.

ఇంగ్లీషు రాకుండా ఎట్టా నెట్టుకొచ్చినావని అడుగుతారు. మొహాలు గుర్తుపట్టినట్టు గుర్తుపట్టినాను. 'రిమూవ్' అనే మాట ఎట్టా ఉంటుందో, 'అలౌ' ఎట్టా ఉంటుందో, దేన్ని నొక్కితే ఏమవుతుందో ఒక్కొక్కసారి చెయ్యి కాల్చుకుని తెలుసుకున్నాను. కాలిన చెయ్యి మరిచిపోదు.

బాషా సార్ నేర్పిన మాట

రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసుకుంటూ ఉన్నవాణ్ణి కంప్యూటర్లలోకి దించింది నెల్లూరులో అంగడి ఉన్న బాషా సార్. చేతిపనిలో అంతటి మనిషిని నేను మళ్లీ చూడలేదు. సీపీయూ మూత తీయకుండా, ఫ్యాను చప్పుడు విని లోపల ఏం పోయిందో చెప్పేవాడు. మూడేళ్లు ఆయన దగ్గర ఉన్నాను. తిట్టినాడు, అన్నం పెట్టినాడు, పని నేర్పినాడు. దాంతోపాటు ఒక చెడ్డ అలవాటు కూడా నేర్పినాడు.

ఒకరోజు ఒకాయన కంప్యూటర్ తెచ్చినాడు. చూసినాను. లోపల కరెంటిచ్చే పెట్టె కాలిపోయి ఉంది. అదే చెప్పినాను. అంతే, ఆయన పట్టుకున్నాడు. ఎందుకు కాలింది, ఎవరు కాల్చినారు, కొని ఏడాదన్నా కాలేదే, మీరే నాసిరకం వేసినారేమో అని అరగంట వాదించినాడు. ఆయన పోయినాక బాషా సార్ నన్ను లోపలికి పిలిచినాడు.

"ఒరే మస్తాన్, నిజం చెప్తే దాని వెనక పది ప్రశ్నలొస్తాయిరా. వైరస్ అని చెప్పు. ఆ మాటకు ఎవడూ ఎదురు ప్రశ్న వెయ్యడు."

"కాలిపోయినదానికి కూడా వైరస్సేనా సార్?"

"కాలిపోయినదానికైతే ఇంకా బాగా పనికొస్తాది!"

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వులో పోవాల్సిన మాట, నాలుకకు అంటుకుపోయింది. అల్లూరులో సొంత అంగడి పెట్టినాక నేనూ అదే. మౌసు పనిచెయ్యకపోయినా వైరస్, కరెంటు ఎక్కువ తక్కువయి ఆగిపోయినా వైరస్. జనం తల ఊపేవాళ్లు. నాకు శ్రమ తగ్గేది. ఎవరినీ మోసం చేసి ఎక్కువ తీసుకోలేదు గదా, మాటే గదా అనుకున్నాను.

బాషా సార్ ఇప్పుడు లేడు. ఆయన మీద నాకు కోపం లేదు. కానీ ఈ పనిలోకి వచ్చేవాళ్లకు చెప్తున్నాను, గురువు చేతిని నేర్చుకోండి, నోటిని నేర్చుకోబాకండి.

కాపలావాడి వేషం

ఆ రోజుల్లోనే దొంగ యాంటీవైరస్‌లు మొదలైనాయి. ఇప్పటి పిల్లలు చూసే రకం వేరు. ఇప్పుడు తెర నిండా ఎర్రగా వచ్చి, మోత మోగించి, ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి అంటుంది. అప్పటిది ఇంట్లోకి వచ్చి కాపురం పెట్టేది.

ఎవరో పాటో, పరీక్ష ఫలితమో వెతుకుతూ ఉంటారు. 'మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది' అని ఒక పెట్టె వస్తుంది. దాంట్లో ఎక్కడ నొక్కినా, మూసేసే గుర్తు మీద నొక్కినా, లోపలికి వచ్చేస్తుంది. మరుసటి రోజు నుంచి కంప్యూటర్ వెయ్యగానే డాలు బొమ్మ. ఏదో గాలిస్తున్నట్టు చూపించి, ఇన్ని వందల వైరస్‌లు దొరికినాయి, డబ్బు కడితే తీసేస్తానంటుంది. ఒక్కటీ ఉండదు. అంతా వట్టి అబద్ధం. దొంగే ఖాకీ బట్టలు తొడుక్కుని వచ్చి, మీ ఇంట్లో దొంగలున్నారని చెప్పడం.

దాని మొండితనం చెప్తే నమ్మరు. తీసెయ్యబోతే ఆ తీసేసే దాన్నే వైరస్ అంటుంది. పెన్‌డ్రైవ్‌లో అసలైన మందు, అంటే దాన్ని తీసే ప్రోగ్రాం, తీసుకుపోతే తెరుచుకోనివ్వదు. ఆ మందు పేరు చూసి గుర్తుపట్టేస్తుంది. అందుకని నేను నా మందుకు పాటల పేరు పెట్టుకున్నాను. పాటలే గదా అని లోపలికి రానిచ్చేది. ఇంకా మొండిదైతే, కంప్యూటర్ వేసీ వెయ్యగానే పై వరసలో ఎఫ్ ఎనిమిది మీటను టకటకా నొక్కి, సేఫ్ మోడ్‌లో, అంటే అది నిద్ర లేవక ముందే లోపలికి పోవాలి. పోయి, అది దాక్కున్న చోటు వెతకాలి. దాని అసలు పేరుకు అర్థం ఉండదు, ఏవో పది అక్షరాలు కలిపి కొట్టినట్టు ఉంటుంది. దాన్ని కనిపెట్టడంలో ఇంగ్లీషు వచ్చినవాళ్ల కంటే నేనే గట్టివాణ్ణి. వాళ్లు చదవబోతారు. నేను, ఈ మొహం ఎప్పుడూ చూడలేదే అనుకుంటాను. అంతే, దొరుకుతుంది. దాన్ని తీసేసి, రేపు పొద్దున మళ్లీ లేవకుండా దాని పేరు కొట్టేసి, ఇంటర్నెట్ దారిని అది తన వైపు తిప్పుకుని ఉంటుంది, ఆ దారిని మళ్లీ సరిచెయ్యాలి. చివరిది మరిచిపోతే అన్నీ చేసి కూడా అవమానమే, మనం గడప దాటకముందే నెట్ రావడం లేదంటారు.

వెంకటాచలంలో ఒక రిటైరైన పోస్టుమాస్టర్ గారి ఇంట్లో ఇట్లాంటిదాన్ని తీసినాను. మానిటర్ నుదుట కుంకుమ బొట్టు ఉండేది ఆ ఇంట్లో. నేను పోయేసరికి ఆయన స్నానానికి పోయి ఉన్నాడు. ఎవరికీ చెప్పకుండా చకచకా తీసేసి కూర్చున్నాను. ఆయన తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చి చూసినాడు.

"డాలు బొమ్మ ఏదయ్యా?"

"తీసేసినా సార్. అది దొంగది."

"దొంగదేందయ్యా! రోజూ పొద్దున్నే మూడు వందల పన్నెండు పట్టినానని నాకు చెప్పేది. దొంగయితే నాకెందుకు చెప్తాది?"

"రోజూ మూడు వందల పన్నెండే ఎట్టా పడతాది సార్? ఒక్కరోజన్నా మూడు వందల పదమూడు పట్టిందా?"

ఆయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "అంత కచ్చితంగా పనిచేసేవాడు మా ఆఫీసులో ఒక్కడూ లేడు" అన్నాడు. నాలుగు రోజులకు దాన్ని మళ్లీ తెచ్చి పెట్టుకున్నాడని విన్నాను.

తప్పు నాది. తీసేముందు చెప్పాలి. దాన్ని తీసేది అరగంటో, రెండు గంటలో పట్టే పని. దాని మీద మనిషికి కుదిరిన నమ్మకాన్ని తీసేది ఇంకా పెద్ద పని, దానికి పెన్‌డ్రైవ్ లేదు.

నేను ఫోన్లో అన్న మాట

ఇక చెంగయ్యన్న సంగతి. ఇది చెప్పడానికే ఇంత రాసినాను.

అల్లూరుకు తూర్పున, ఉప్పు కాలవ పొడుగునా రొయ్యల గుంటలు. అందులో చెంగయ్యన్నది ఒకటి. కౌలుకు తీసుకుని, ఉన్నదంతా ఊడ్చి ఆ గుంటలో పోసినాడు. రొయ్యల సాగులో వైరస్ అంటే ఏమిటో ఈ పక్క పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. తెల్లమచ్చ తెగులు. వచ్చిందంటే మూడు నాలుగు రోజుల్లో గుంట మొత్తం తేలిపోతుంది. అందుకని తెలిసిన రోజే చేతికొచ్చినంత పట్టేసి, మిగిలినదాన్ని బ్లీచింగ్ పోసి చంపేస్తారు. ఆ నీళ్లు కాలవలోకి పోతే పక్క గుంటలకూ అంటుతుంది. మా ఊళ్లో ఆ మాటను కట్ట మీద గట్టిగా కూడా అనరు.

వానలు పట్టిన రోజులు. రెండు గుంటల అవతల వైరస్ తగిలింది, వాళ్లు నీళ్లు వదలకుండా బ్లీచింగ్ పోసేసినారు. చెంగయ్యన్న భయపడి తన రొయ్యలు నాలుగు తీసుకుపోయి నెల్లూరులో ల్యాబ్‌లో ఇచ్చి వచ్చినాడు. రిపోర్టు మెయిల్‌లో పంపిస్తామన్నారు. ఫోన్లో చెప్పమంటే చెప్పరు. ఒకరిది ఇంకొకరికి చెప్పి తిట్లు తిన్నారంట. అప్పటికింకా అందరి చేతుల్లో బటన్ల ఫోన్లే. మెయిల్ చూడాలంటే చెంగయ్యన్న ఇంట్లో కూతురు సుజాత చదువుకు కొన్న కంప్యూటర్ ఒక్కటే దిక్కు.

సరిగ్గా రిపోర్టు రావాల్సిన పొద్దున దాన్ని దొంగ యాంటీవైరస్ పట్టుకుంది. సుజాత కాలేజీ బస్సు ఎక్కుతూ నాకు ఫోన్ చేసింది. "మామా, తెర నిండా డాలు బొమ్మలే. మెయిల్ తెరుచుకోవడం లేదు. నాన్న రిపోర్టు అందులోనే ఉండాది."

తొమ్మిదింటికి పోయినాను. చెంగయ్యన్న భార్య పెంచలమ్మ వదిన ఒక్కతే ఇంట్లో ఉంది. కుర్చీ వేసింది.

"తొందరగా చూడు మస్తానూ. రాత్రి ఆయన ముద్ద ముట్టలేదు. కట్ట మీదే పడుకున్నాడు."

చూడగానే తెలిసింది, పాత మొహమే. మెయిల్ నొక్కితే మెయిలే వైరస్ అంటోంది. పెన్‌డ్రైవ్ తీస్తున్నాను, వదిన ఫోన్ మోగింది. చెంగయ్యన్న, గుంట దగ్గర నుంచి. ఆమె రెండు మాటలు విని నా చేతికిచ్చింది. "నువ్వే చెప్పు, నాకు అర్థం కాదు."

ఫోన్లో గుంట నీళ్లలో గాలి కలిపే ఫ్యాన్ల, అదే ఏరియేటర్ల హోరు. ఆ హోరులోంచి ఆయన గొంతు.

"మస్తానూ, చూసినావా?"

"చూసినా అన్నా."

"ఏందంట?"

"వైరస్సే అన్నా."

హోరు కాస్త తగ్గింది, ఆయన పక్కకు జరిగినట్టుంది.

"బాగా చూసినావా?"

"ఇంతకాలం ఇదే పనిలో ఉండా గదన్నా. పూర్తిగా పట్టేసింది."

"ఏం చేద్దామంటావ్?"

"చేసేదేముంది, మొత్తం తీసెయ్యాల్సిందే. ఉంచేకొద్దీ కష్టం."

"ఈరోజేనా?"

"ఇప్పుడే."

ఫోన్ పెట్టేసినాడు. నేను పనిలో పడినాను.

ఆ మాటలన్నీ ఇన్నేళ్లకూ అక్షరం పొల్లుపోకుండా నాకు గుర్తున్నాయి. ఒక్కటీ ఆయనతో అనాల్సిన మాట కాదు. ఆయన అడిగింది రిపోర్టు. నేను చెప్పింది కంప్యూటర్. పోనీ, కంప్యూటర్ సంగతన్నా నిజం చెప్పినానా? అందులో వైరస్ లేదు. వైరస్ ఉందని అబద్ధం చెప్పే దొంగ ఉంది. 'అన్నా, ఏదో దొంగ ప్రోగ్రాం వచ్చి మెయిల్‌కు అడ్డం పడింది, రిపోర్టు ఇంకా చూడలేదు' అంటే అయిపోయేది. అంత పొడుగు మాట దేనికి, అలవాటైన మాట ఉంది గదా అని అదే అన్నాను.

నెగెటివ్

అది తొందరగా లొంగలేదు. రెండుసార్లు సేఫ్ మోడ్‌లోకి పోవాల్సి వచ్చింది. పట్టీ పాకుతూ ఉంటే వదిన మునగాకు వలుచుకుంటూ, రాత్రంతా ఆయన, రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిసే చెక్‌ట్రే లేపి లేపి చూస్తున్నాడని, మేత కొంచెం మిగిలినా గుండె పట్టుకుంటున్నాడని చెప్పింది. నేను ఊ కొట్టినాను.

పదకొండున్నరకు మెయిల్ తెరుచుకుంది. ల్యాబ్ కాగితం. అడ్డం గీతలు, నిలువు గీతలు, కింద లావు అక్షరాల్లో ఒక మాట. ఆ మొహం నాకు తెలుసు.

"వదినా, నెగెటివ్."

ఆమె చేతిలో మునగ రెమ్మ కింద పడింది. "అయ్యో సామీ! నెగెటివ్ అంటే చెడ్డ గదా! నెగెటివ్‌గా మాట్లాడబాకమ్మా అని మా సుజాత అంటానే ఉంటాది."

"కాదు వదినా, ఇది మంచి మాట. మా అమ్మకు టీబీ పరీక్ష చేసినప్పుడు ఇదే వచ్చింది. లేదు అని అర్థం. మీ గుంటకు ఏమీ లేదు."

ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. ఏడ్చింది, నవ్వింది. చెంగయ్యన్నకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. అంతలో వీధిలో మోటారుసైకిల్ ఆగింది. మేత అంగడాయన, బండి దిగకుండానే కేకేసినాడు.

"పెంచలమ్మక్కా, మీ గుంట పట్టేస్తా ఉండారంట గదా! పాపం, యాభై అయిదు రోజులకే తగిలిందే!"

"ఎవురు చెప్పినారు?" అంది వదిన.

"ఇంకెవురు, మీ ఆయనే. కాలవ మీద అందరికీ తనే ఫోన్ చేసినాడు, నాకు వైరస్ వచ్చింది, కాలవ నీళ్లు రాకుండా తూములు మూసుకోండి అని. మంచి మనిషి. ఇంకొకడైతే నోరెత్తకుండా పట్టుకుని నీళ్లొదిలేసేవాడు."

వదిన నా వైపు తిరిగింది. "ఆయనకెవురు చెప్పినారు మస్తానూ, వైరస్ అని?"

కుర్చీ తేడా కాలు టక్కుమని నేలకు తగిలింది. నేను లేచి నిలబడినాను.

"నేనే వదినా."

కట్ట మీద

నా బండి అంత వేగంగా ఎప్పుడూ పోలేదు, తర్వాతా పోలేదు. ఆ వారం చుట్టుపక్కల పట్టుబడులు జరుగుతున్నందున వల మనుషులు, ఐసు బండి కాలవ మీదే ఉన్నారు. ఆయనకు దేనికీ ఎదురుచూడాల్సిన పని లేకపోయింది. నేను పోయేసరికి ఏరియేటర్లు ఆపేసి ఉన్నాయి. ఒక లాగుడు అయిపోయింది. పెట్టెల్లో ఐసు కింద రొయ్యలు. వల రెండోసారి గుంటలోకి దిగుతోంది. గట్టున బ్లీచింగ్ బస్తాలు మూతులు విప్పి వరసగా పెట్టినారు. రెండో లాగుడు కాగానే పొయ్యడానికి.

"చెంగయ్యన్నా, ఆపు! ఆపమను వాళ్లని!"

ఆయన మోకాళ్లదాకా బురదలో ఉన్నాడు. "ఏందప్పా?"

"గుంటకు ఏమీ లేదన్నా. రిపోర్టు ఇప్పుడే వచ్చింది. లేదని ఉండాది."

"పొద్దున ఉండాదన్నావే."

"పొద్దున నేను చెప్పింది కంప్యూటర్ సంగతన్నా."

వల మనుషులు ఆగిపోయినారు. ఎవరో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నారు.

"కంప్యూటర్‌కా వైరస్?"

ఇక్కడ ఔనంటే సరిపోయేది. కానీ ఆయన మొహం చూస్తూ ఇంకో అబద్ధం చెప్పలేకపోయినాను. "దానిక్కూడా లేదన్నా. అదీ అబద్ధమే."

"మరి యాడుంది?"

"యాడా లేదన్నా."

ఆయన వల వాళ్లకు చెయ్యి ఊపి, పైకి రమ్మన్నాడు. "ఫ్యాన్లు వెయ్యండి" అన్నాడు. పెట్టె దగ్గరికి పోయి ఒక గుప్పెడు రొయ్యలు తీసి చూసినాడు. చిటికెనవేలంత ఉన్నాయి. ఇంకా నెలకు పైగా నీళ్లలో ఉండాల్సినవి. సగం గుంట ఆ పెట్టెల్లో ఉంది. గుప్పెడు మళ్లీ ఐసులో వేసి, బ్లీచింగ్ బస్తా మీద కూర్చున్నాడు.

"అన్నా, అంగడి అమ్మైనా..."

"ఆ మాట ఎత్తబాక. నీ అంగడి అమ్మితే ఇవి మళ్లీ ఈదతాయా?" గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "నేను పదకొండు మందికి ఫోన్ చేసి చెప్పినా మస్తానూ, నాకు వైరస్ వచ్చిందని. ఇప్పుడు నేనే పోయి రాలేదంటే ఎవుడు నమ్ముతాడు? సరుకు అమ్ముకునేదానికి మాట మారుస్తా ఉండాడంటారు. రేపు ఈ కాలవ మీద నా మాటకు విలువుండదు. నువ్వు పో. ఒక్కో కట్ట ఎక్కి నీ నోటితో నువ్వు చెప్పు."

మిగిలిన సగం బతికింది. బురద కదిలి కొన్ని చచ్చినా, నిలబడినవి నిలబడినాయి. ఆ ఏడు ఆయన మునగలేదు, అట్లని తేలనూ లేదు. ఆ తర్వాత ఇంకో రెండు పంటలు వేసి మానుకున్నాడు. నా వల్లేనా అంటే, కాదంటాడు. నేను నమ్మను.

పదకొండు కట్టలు

పని గురించి నాకు తెలిసిందంతా ఆ మధ్యాహ్నం కాలవ గట్టు మీద తెలిసింది. అంతకుముందు తెలిసింది మీటలు, తీగలు.

వాన కురిసి వెలిసిన మట్టి. చెప్పులు ఊడిపోతుంటే చేతిలో పట్టుకున్నాను. మొదటి గుంట దగ్గర, "చిన్న పొరపాటు జరిగింది, చెంగయ్యన్న గుంటకు వైరస్ లేదు" అన్నాను. ఎవరి పొరపాటో చెప్పలేదు. ఆ మనిషి బీడీ తీసి, "చెంగయ్య పంపినాడా?" అన్నాడు. అంతే, నమ్మలేదు. తూము తియ్యలేదు.

రెండోచోట నా పేరు చెప్పినాను. మూడోచోట ఫోన్లో ఏమన్నానో చెప్పినాను. అక్కడ బాగా నవ్వినారు. "కంప్యూటర్‌కి జలుబు చేస్తే గుంటకు వల వేయించినావే! మా ఇంట్లో మిక్సీ మొరాయిస్తా ఉండాది, వచ్చి చూస్తావా, లేకపోతే ముందే రొయ్యలు పట్టేసుకోమంటావా?" అన్నాడొకడు. ఇంకొకడు, "డాక్టరు గారొచ్చినారు, చెయ్యి చూపించుకోండ్రా" అన్నాడు. నవ్వినవాళ్లు మాత్రం నమ్మినారు. అయిదో గుంట దగ్గరికి వచ్చేసరికి మొత్తం చెప్పడం మొదలుపెట్టినాను, బాషా సార్ మాటతో సహా. తెలిసి కూడా ఎన్నేళ్లుగా ఎందరికి ఆ మాట చెప్పినానో అదీ చెప్పినాను. ఒకాయన, "అయితే మా మానిటర్ పోయినప్పుడు నువ్వు చెప్పిందీ అదేనా?" అన్నాడు. అదేనన్నాను. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను, కానీ తూము తీసినాడు.

చివరిది పోలయ్య గుంట. డెబ్బై దాటిన మనిషి, కాలవ మీద అందరికంటే ముందు గుంట తవ్వినవాడు. తూముకు పలకలు బిగించి, ఇసక బస్తాలు అడ్డం వేసుకుని, కొట్టం గడప మీద కూర్చుని ఉన్నాడు. పొద్దున తాగిన టీ తప్ప కడుపులో ఏమీ లేదు. మొత్తం చెప్పినాను. ఆయన ఒక్కసారీ నవ్వలేదు.

"నీ కత విన్నా. పక్క కట్ట వాళ్లు ముందే చెప్పినారులే. చెంగయ్యకు లేదు, సరే. ఇప్పుడు నాకు చెప్పు. నేను తూము తీస్తే, నా గుంటకు రాదు గదా?"

రాదు పెద్దాయనా, నాదే పూచీ, అనే మాట నోటిదాకా వచ్చింది. అంతకాలం అట్లాంటి మాటలతోనే బతికినాను. ఆ ఒక్క మాట అంటే తూము తీస్తాడు, నేను ఇంటికి పోయి పడుకుంటాను.

"తెలియదు పెద్దాయనా" అన్నాను. "చెంగయ్యన్న గుంటకు లేదని కాగితంలో ఉండాది. అంతవరకే నాకు తెలుసు. మీ గుంట సంగతి నాకు తెలియదు."

పోలయ్య నన్ను కిందికీ మీదికీ చూసినాడు. కండువా తలకు చుట్టుకుని లేచినాడు. గట్టు దిగి, ఇసక బస్తాలు పక్కకు లాగి, మొదటి పలక పైకి తీసినాడు. కాలవ నీళ్లు సన్నగా లోపలికి దూకినాయి.

"రెండోది బిగుసుకుంది. నువ్వొక చెయ్యి వెయ్యి" అన్నాడు.

చెప్పులు కట్ట మీద పెట్టి, నీళ్లలోకి దిగినాను.